చక్రాల మీది ఇల్లు: ముందు కాటా, తరువాతే కమాను

కారవాన్ అనగానే మన తెలుగువాళ్ళకి ముందు సినిమా షూటింగు గుర్తొస్తుంది. చెట్టు నీడన నిలబెట్టిన పెద్ద బండి, పక్కన జనరేటరు మోత, లోపల చల్లగా హీరోగారు. ఆ బండి రోజులో ఎక్కువ భాగం కదలదు గనక దానితో నాకే పేచీ లేదు. నా పేచీ అంతా కదిలే ఇళ్ళతోనే. అమెరికాలో వీటిని మోటార్ హోమ్ అంటారు. లారీదో వ్యానుదో ఛాసిస్ తీసుకుని దాని మీద వంటగది, పడకలు, స్నానాల గది, నీళ్ళ ట్యాంకు, గ్యాసు బండ అన్నీ పెట్టి ఇల్లు కడతారు. కుటుంబమంతా ఎక్కి ఊళ్ళు తిరుగుతారు. అక్కడ స్థిరపడ్డ మన పూర్వవిద్యార్థులు సెలవుల్లో వీటిని అద్దెకు తీసుకుని, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల్ని గ్రాండ్ కేన్యన్‌కీ ఎల్లోస్టోన్‌కీ తిప్పి తీసుకురావడం కొత్తేమీ కాదు. మన దేశానికీ ఈ గాలి తగిలింది. 2021లో కేరళ ప్రభుత్వం కారవాన్ టూరిజానికి ఒక విధానం ప్రకటించింది. మోటారు కారవాన్లు ఎలా ఉండాలో చెప్పే ఏ.ఐ.ఎస్.-124 అనే ప్రమాణం కూడా మనకుంది. కాబట్టి, మనకెందుకయ్యా ఈ పరాయి గొడవ అని పేజీ తిప్పెయ్యకండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఇళ్ళు కట్టేవాళ్ళు ఇంటి గురించి ఆలోచించినదాంట్లో పదోవంతు కూడా బండి గురించి ఆలోచించడం లేదు. ఇక కొనుక్కున్నవాళ్ళు, బండి ఊగుతోందీ, పక్కకి లాగుతోందీ అని మొత్తుకుని దాన్ని బాగుచేయించబోతే, ఆ పని తలకిందులుగా మొదలుపెడుతున్నారు. ఆఖరున కొనాల్సిన సామాను మొదట కొంటున్నారు. మొదట చెయ్యాల్సిన పని, అందులోనూ దాదాపు ఖర్చులేని పని, అసలు చెయ్యడమే లేదు.

కదిలే ఇల్లంటే మన పెద్దవాళ్ళకి 1982-83 నాటి చైతన్య రథం గుర్తుకు రావాలి. పాత షెవ్రొలే వ్యానుని మార్పించి ఎన్.టి. రామారావుగారు రాష్ట్రమంతా తిరిగారు. నడిపింది హరికృష్ణగారు. రాజకీయం పక్కన పెట్టి మెకానికల్ విద్యార్థి కళ్ళతో ఒక్కసారి ఆ బండిని చూడండి. నెలల తరబడి ఆనాటి రోడ్ల మీద ప్రయాణం. పైకప్పు మీద నిలబడి ఉపన్యాసం. అంటే బరువు ఉండకూడని ఎత్తులో బరువు. ఆ ఉపన్యాసాల గురించి పుస్తకాలే వచ్చాయి గాని, ఆ కమాను కట్టలు ఎన్ని దెబ్బలు తిన్నాయో రాసినవాళ్ళు నాకు కనబడలేదు.

సరే, అసలు సంగతికి వద్దాం. ఈ చర్చకి నేను తీసుకునే బండి అమెరికాలో ఫోర్డ్ వాళ్ళ ఎఫ్-53 ఛాసిస్. పెట్రోలుతో నడిచే పెద్ద మోటార్ హోమ్‌లలో ఎక్కువ భాగం దీని మీద కట్టినవే. ముందూ వెనకా ఇరుసు అడ్డంగా ఒకే కడ్డీ, నాలుగు మూలలా కమాను కట్టలు. మన లారీ కుదురే. దీన్ని తప్పుపట్టను. దృఢమైన ఛాసిస్, చవకైనది, ఏ ఊళ్ళోనైనా రిపేరు అవుతుంది. ఇదే ఛాసిస్ జాతి మీద సామాన్లు పంచే వ్యాన్లు కూడా తిరుగుతున్నాయి. చిక్కంతా దాని మీద 33 అడుగుల ఇల్లు, మూడున్నర మీటర్ల ఎత్తున, బల్లపరుపు గోడలతో కట్టినప్పుడు వస్తుంది. పక్కనుంచి పెద్ద లారీ దాటిపోతే ముందు దాని గాలి మనల్ని బయటికి తోస్తుంది, దాటాక లోపలికి లాగుతుంది. డ్రైవరు స్టీరింగు ఇటు తిప్పేసరికి బండికి అటు తిప్పాల్సి వస్తుంది. పెట్రోలు బంకులోకి తిరిగేటప్పుడు ఆ చిన్న ఎత్తుపల్లానికే అలమార్లో గిన్నెలన్నీ ఒక మూలకి చేరతాయి. రెండు గంటలు నడిపితే భుజాలు పట్టేస్తాయి. ఇది నడిపినవాళ్ళందరూ చెప్పేమాట.

ఎందుకిలా అవుతుందో తెలియాలంటే కమాను గురించి ఒక చిన్న లెక్క చూద్దాం. లెక్కలంటే భయపడే ఆర్ట్స్ మిత్రులు క్షమించాలి, ఒక్కటే లెక్క. బండి బరువుకి కమాను ఎన్ని సెంటీమీటర్లు దిగిందో చూడండి. దాని వర్గమూలంతో 300ని భాగించండి. ఆ వచ్చినదే ఆ బండి నిమిషానికి ఎన్నిసార్లు పైకీ కిందకీ ఊగుతుందో ఆ సంఖ్య. కమాను 25 సెంటీమీటర్లు దిగితే నిమిషానికి 60 ఊపులు. 9 సెంటీమీటర్లు దిగితే 100. నాలుగే దిగితే 150. మనిషి నడకలో శరీరం నిమిషానికి 60 నుంచి 100 చిల్లర ఊపులకి అలవాటు పడి ఉంటుంది, అందుకని ఆ దరిదాపుల్లో ఉన్న బండి సుఖంగా ఉంటుంది. నిండు బరువుకి 9 సెంటీమీటర్లు దిగే లారీ కమాను, ఖాళీగా ఉండి పావు వంతు బరువే పడితే రెండుంబావు సెంటీమీటర్లు దిగుతుంది. అప్పుడు నిమిషానికి 200 ఊపులు. ఖాళీ లారీ వెనక ఎక్కి ఊరికి వెళ్ళినవాళ్ళకి ఈ లెక్క నడుముతో తెలుసు.

లారీకి ఈ బాధ తప్పదు, ఎందుకంటే అది ఒక పూట ఖాళీ, ఒక పూట నిండు. మోటార్ హోమ్ సంగతి వేరు. దానికి ఖాళీ అనేదే లేదు. ఇల్లు దిగిపోదు గదా! పుట్టిన రోజునుంచి పాత ఇనప సామాన్ల కొట్టు చేరేదాకా అది దాదాపు నిండు బరువుతోనే బతుకుతుంది. అంటే ఆ కమాన్లు ఎప్పుడూ వంగే ఉంటాయి. పైకి రావడానికి చోటుంది గాని కిందకి దిగడానికి మిగిలిన చోటు తక్కువ. ఆ మిగిలిన చోటునే మనం వెనక అలమార్లో సైకిళ్ళూ, మడత కుర్చీలూ, బొగ్గుల పొయ్యీ పెట్టి తినేస్తాం.

ఇక్కడ నాకు ఎడ్లబండి గుర్తొస్తుంది. గడ్డి బండి కట్టే ఏ పాలేరుకైనా ముందు బరువు, వెనక బరువు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు బరువెక్కువైతే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి పలుపులు గొంతుకి పడతాయి. అందుకే బస్తా ఎక్కించినప్పుడల్లా కాడి ఎత్తి చూసుకుంటాడు. మోటార్ హోమ్‌లో ఎద్దులు లేవు గనక అరిచేవాళ్ళు లేరు, అంతే తేడా. వెనక ఇరుసుకి రెండున్నర మీటర్లు వెనకాల 200 కిలోలు పెట్టారనుకోండి. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 5 మీటర్లు. వెనక ఇరుసు మీద పడేది 200 కాదు, 300 కిలోలు. ఆ అదనపు వంద ఎక్కడిదంటే ముందు చక్రాల మీదనుంచి లేపినది. అంటే బండిని తిప్పాల్సిన చక్రాలు తేలికైపోయాయి. ఇంక స్టీరింగులో పట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? కట్టేవాళ్ళు ఇల్లు పొడుగు చెయ్యడానికి ఇరుసు వెనక గది మీద గది తోస్తూ పోతారు. ఇరుసుల మధ్య దూరం మొత్తం పొడవులో 55 శాతం కన్నా తగ్గితే బండి నడక చెడుతుందని అనుభవజ్ఞులు చెప్పుకునే బండ లెక్క. 208 అంగుళాల ఇరుసు దూరం మీద 33 అడుగుల ఇల్లు కట్టండి, మీకే తెలుస్తుంది: యాభై రెండున్నర.

నీళ్ళ మాట మరిచిపోకూడదు. 70 అమెరికన్ గ్యాలన్ల ట్యాంకు నింపితే 265 కిలోలు. నలుగురు మనుషులు వచ్చి కూర్చున్నట్టే. ఈ సంగతి అమెరికా చట్టానికి తెలుసు. కొత్త మోటార్ హోమ్‌లో మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు ఎక్కించవచ్చో, నిండు ట్యాంకు నీళ్ళు అందులో ఎంత తినేస్తాయో రాసిన చీటీ అంటించి తీరాలని అక్కడ నిబంధన ఉంది. అమ్మేవాడు ఫ్రిజ్ తలుపు తెరిచి చూపిస్తాడు, సోఫా మంచంగా మారడం చూపిస్తాడు. ఆ చీటీ దగ్గర ఆగి చదివి వినిపించే సేల్స్‌మన్ ఎవరైనా ఉంటే ఆయనకి మన కళాశాల తరఫున దండ వెయ్యాలి.

కిందటిసారి మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు వాడు ఇలాంటిదే ఒకటి అద్దెకి తెచ్చాడు. ఆరిజోనాలో పెద్ద రోడ్డెక్కి గంట కాకముందే వాడి మొహం ఎర్రబడింది. "నాన్నా, ఇది బండి కాదు, పడవ" అన్నాడు. వెనకనుంచి మా ఆవిడ, "పడవే నయం రా, దానికి అటూ ఇటూ నీళ్ళుంటాయి" అంది. తరవాతి లారీల మజిలీలో కాటా కనబడితే ఆపించాను. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూచాం. తరవాత ఒక పక్క చక్రాలే కాటా మీద ఉండేట్టు నిలబెట్టి మళ్ళీ తూచాం. వెనక ఇరుసు దాని పరిమితికి 300 పౌండ్ల పైచిలుకు ఎక్కువ మోస్తోంది. కుడిపక్క ఎడమపక్క కన్నా బరువు. ముందు టైర్లలో గాలి టైరు గోడ మీద రాసిన గరిష్ఠం దాకా, 110 పౌండ్లు, కొట్టి ఉంది. అద్దెకిచ్చినవారికి ఫోను చేసి అడిగితే, మేం అన్నిటికీ అలాగే కొడతామండీ అన్నారు.

మేం చేసింది ఇంతే. దిగబోయే చోట నీళ్ళు దొరుకుతాయి గనక ట్యాంకు సగానికి పైగా వదిలేశాం. వెనక అలమార్లోని బరువు సామాను ఇరుసుల మధ్య ఉన్న పెట్టెల్లోకి, ఎడమపక్కకి, మార్చాం. మర్నాడు పొద్దున చక్రాలు చల్లగా ఉన్నప్పుడు, ఆ టైరు కంపెనీ పట్టిక ప్రకారం మా బరువుకి సరిపడా 90కి గాలి తగ్గించాం. ఇలా తగ్గించేటప్పుడు ఒక నియమం ఉంది: ఒకే ఇరుసు మీద రెండు పక్కలా ఒకే గాలి ఉండాలి, అదీ బరువెక్కువగా ఉన్న పక్కకి సరిపడినంత ఉండాలి. మిగిలిన నాలుగు రోజులూ బండి కారులా నడిచిందని అనను. డ్రైవరు మాట్లాడుతూ నడపగలిగాడు. నా దృష్టిలో అది చాలు. ఖర్చు కాటా రుసుము.

అందుకే నేనంటాను, ముందు కాటా అని. తూచకుండా చేసే ఏ వైద్యమైనా నాడి చూడకుండా ఇచ్చే మందు. ఇరుసు మీద ఎంత పడిందో తెలియనివాడు టైర్లో ఎంత గాలి కొట్టాలో చెప్పలేడు. గాలి ఎక్కువైతే టైరు నేలని పట్టేది తగ్గి ప్రతి గతుకూ నేరుగా సీటుకి చేరుతుంది. తక్కువైతే టైరు పక్కగోడలు నలిగి వేడెక్కి పేలతాయి. ముందు టైరు పేలిన పదిటన్నుల ఇల్లు ఎటు పోతుందో ఊహించుకోండి. లోపల మనుషులు బల్ల దగ్గర కూర్చుని చీట్లాడుతూ ఉంటారు.

కాటా, గాలి అయ్యాక అరిగిన సామాను సంగతి. కమాను కళ్ళలో బుష్‌లు, కింగ్‌పిన్లు, స్టీరింగు కడ్డీల కీళ్ళు. వీటిల్లో ఆట ఉంటే పైన ఏం బిగించినా వృథా. తరవాత చక్రాల అమరిక, అదీ ఇంట్లో మామూలుగా ఉండే సామాను అంతా పెట్టి చేయించాలి. ఖాళీ బండికి చేసిన అలైన్‌మెంటు బరువెక్కాక మారిపోతుంది. కింగ్‌పిన్ను వెనక్కి వాలే కోణం, కాస్టర్ అంటారు, అది తగినంత ఉంటే చక్రం తనంతట తాను తిన్నగా నిలబడుతుంది. సైకిలు చేతులొదిలి తొక్కిన ప్రతి కుర్రాడూ కాస్టర్ ధర్మమా అనే పళ్ళు దక్కించుకున్నాడు.

ఇప్పుడు ఒరుగుడు. దీనికి ఇరుసు పక్కనే అడ్డంగా ఒక స్ప్రింగు ఉక్కు కడ్డీ ఉంటుంది. యాంటీ రోల్ బార్ అంటాం. రెండు చక్రాలూ కలిసి లేస్తే అది ఏమీ చెయ్యదు. ఒక పక్క దిగి ఒక పక్క లేస్తే మెలిపడి ఎదురు తిరుగుతుంది. చాలా ఏళ్ళపాటు తయారైన ఎఫ్-53లలో ఈ కడ్డీ చివర రెండు రంధ్రాలుంటాయి. కంపెనీ లింకుని బయటి రంధ్రంలో బిగించి పంపుతుంది. దాన్ని విప్పి లోపలి రంధ్రంలో బిగిస్తే చెయ్యి పొట్టిదై కడ్డీ గట్టిపడుతుంది. చెయ్యి పొడవు పదోవంతు తగ్గితే గట్టిదనం 23 శాతం పెరుగుతుంది, వర్గానికి విలోమం గనక. కావలసింది రెండు పానాలు, ఒక గంట ఒళ్ళు వంచడం. అక్కడి బండివాళ్ళు దీన్ని చవక వైద్యం అనే పేరుతోనే పిలుస్తారు. ఈ సుళువు తెలిసిన తరవాత కూడా మొదటి రోజే లావు కడ్డీలు కొని వేసేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. లావు కడ్డీ పనిచెయ్యదని కాదు. గట్టిదనం మందం నాలుగో ఘాతానికి పోతుంది, మందం పదోవంతు పెంచితే 46 శాతం. అయితే దానికి ధర ఒకటి, ఇంకో శిక్ష ఒకటి. ఒక చక్రమే గుంటలో పడ్డప్పుడు ఆ దెబ్బని లావు కడ్డీ రెండో పక్కకి మోసుకెళ్ళి తలలు అటూ ఇటూ ఆడిస్తుంది. నున్నటి రోడ్డు మీద వరం, గతుకుల రోడ్డు మీద పీడ. పైగా వెనక ఒక్కచోటే గట్టిపరిచి ముందు వదిలేస్తే, తడి రోడ్డు మలుపులో వెనక చక్రాలు ముందుగా జారే గుణం వస్తుంది. ఇది సొగసు సామాను కాదని కొనేవాళ్ళు గుర్తిస్తే మంచిది.

కమాను కట్ట మీద నిలబడ్డ బండికి ఇంకో జబ్బుంది. రబ్బరు బుష్‌లూ షాకిళ్ళూ కాస్త పక్కకి ఆడతాయి గనక, గాలి తోసినప్పుడు చక్రాలు ఒక దారిన పోతుంటే ఇల్లు వాటి మీద పక్కకి జరుగుతుంది. డ్రైవరు దాన్ని స్టీరింగు తప్పనుకుని సరిచెయ్యబోతాడు. ఒక చివర ఛాసిస్‌కీ ఒక చివర ఇరుసుకీ బిగించిన అడ్డకడ్డీ ఈ జరుగుడుని ఆపుతుంది. ఫ్రెంచి కార్ల కంపెనీ పేరుమీద దాన్ని పానార్ కడ్డీ అంటారు. ఇంత చిన్న వస్తువు చేసే మేలు చూస్తే, దాన్ని కంపెనీయే ఎందుకు బిగించి పంపదన్నది నాకు అర్థం కాని విషయం. షాక్ అబ్జార్బర్ల గురించి ఎక్కువ చెప్పను. కమాను మింగిన దెబ్బని వేడిగా మార్చి పారేసే పని వాటిది. అవి ముసలివైతే ఒక గతుకుకి మూడు ఊపులు ఊగుతాం. మార్చెయ్యాలి, అంతే.

మిగిలింది అందరూ మొదట పరిగెత్తే వైద్యం. వెనక దిగిపోయిందని అదనపు కట్టలు వెయ్యడం, గాలి సంచులు బిగించడం. ఇది చేస్తే బండి మట్టంగా నిలబడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కాని టైరు మోసే బరువు పెరిగిందా? బ్రేకు ఆపగలిగే బరువు పెరిగిందా? ఇరుసు బేరింగు సంగతేమిటి? తయారుచేసినవాడు రాసిచ్చిన పరిమితి ఒక్క కిలో కూడా పెరగదు. విజయవాడ ఆటోనగర్లో నాకు తెలిసిన కమాన్ల మేస్త్రి ఒకాయన ఉన్నాడు, చదువు మూడో తరగతి. ఒక లారీ యజమాని వచ్చి, ఇంకో రెండు పట్టీలు వెయ్యవయ్యా, లోడు పెంచుతున్నా అంటే ఆయన అన్నమాట నా ఎదుటే విన్నాను: "కట్ట ఏస్తే బండి లేచుద్ది గాని బరువు తగ్గుద్దా అండీ? నా కట్ట ఆగుద్ది, మీ టైరు ఆగదు." మనం నాలుగేళ్ళు చదివి పరీక్షలో పది మార్కులకి రాసే జవాబు అది. పరిమితికి లోపల ఉన్న బండికి ఒక పక్క దిగుడు సర్దడానికి గాలి సంచి మంచి వస్తువే. పరిమితి దాటిన బండికి అది జ్వరం కనబడకుండా కప్పే దుప్పటి.

ఇదంతా లారీ ఛాసిస్‌కి తప్పని తలరాత అనేవాళ్ళకి నేను చూపించే బండి ఒకటుంది. జనరల్ మోటార్స్ వాళ్ళు 1973 నుంచి 1978 దాకా తయారుచేసిన జి.ఎం.సి. మోటార్ హోమ్. లారీ ఛాసిస్ తీసుకోకుండా ఇంటికోసమే బండిని గీశారు. ఓల్డ్స్‌మొబీల్ టొరొనాడో కారునుంచి ఇంజనూ, ముందు చక్రాలని తిప్పే ఏర్పాటూ తెచ్చారు. వెనక చక్రాలకి షాఫ్టు లేదు, అడ్డ ఇరుసూ లేదు. అందువల్ల నేల కిందకి దిగింది, నేల దిగితే బరువు దిగింది, బరువు దిగితే ఒరుగుడు తగ్గింది. వెనక ఒక్కో పక్క రెండు చక్రాలు ఒకదాని వెనక ఒకటి, ఒకటి ముందుకి చాచిన చేతి మీద, ఒకటి వెనక్కి చాచిన చేతి మీద. ఆ రెండు చేతుల మధ్య ఒక గాలి సంచి. ఒక చక్రం గతుకెక్కితే ఇల్లు అందులో సగమే లేస్తుంది. రాత్రి మజిలీలో ఎగుడు దిగుడు చోట ఆగితే గాలి ఎక్కించీ దించీ ఇంటిని మట్టం చేసుకోవచ్చు. పొడవు 23, 26 అడుగులు, అంతకు మించి సాగదీయలేదు. ఆరేళ్ళలో సుమారు 13 వేలు తయారయ్యాయి. దాదాపు యాభై ఏళ్ళ తరవాత కూడా కొన్నిటిని యజమానులు ముద్దుగా నడుపుకుంటూనే ఉన్నారు. అంటే తోవ లేక కాదు. ఆ తోవ ఖరీదైనది, ఇల్లు చూసి కొనేవాడికి కింద ఏముందో కనబడదు.

మీరనొచ్చు, ఏడాదికి నాలుగు వారాలు నడిపే బండికి ఇంత రభస ఎందుకండీ, మెల్లగా పోతే సరి అని. సగం ఒప్పుకుంటాను. వేగం తగ్గించడం అన్నిటికన్నా గొప్ప సస్పెన్షన్. కాని ఆ నాలుగు వారాలూ నడిపేది ఎవరు? రోజూ పెద్దబండి నడిపే లారీ డ్రైవరు కాడు. మొన్నటిదాకా చిన్న కారు తోలిన గుమాస్తా, రిటైరైన మేష్టారు, మొన్న లైసెన్సు తీసుకున్న మన పూర్వవిద్యార్థి. చేతిలో అలవాటు లేనివాడికే మంచి నడక గల బండి కావాలి. కట్టేవాళ్ళు పెట్టుకున్న లెక్క సరిగ్గా దీనికి వ్యతిరేకం.

మన దగ్గర ఇప్పుడిప్పుడే మొదలవుతోంది గనకే నా ఆత్రం. ఇక్కడ మినీ బస్సు ఛాసిస్ మీదా లారీ ఛాసిస్ మీదా కడుతున్నారు. రోడ్లూ మనవే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, గుండ్రంగా, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటేట్టు ఉండాలి. మన ఊళ్ళో సంక్రాంతికి ముందు రాత్రికి రాత్రి మొలిచేది గోడ. వెనక గది పొడుగ్గా వేలాడే ఇల్లు అలాంటి గోడ దాటితే ముందు చక్రాలు దిగేటప్పుడు తోక లేస్తుంది, వెనక చక్రాలు దిగేటప్పుడు తోక కిందికి వచ్చి తగులుతుంది. ఇక్కడ లావు కడ్డీలకన్నా పొట్టి తోక, కిందికి పెట్టిన నీళ్ళ ట్యాంకు, మంచి షాక్ అబ్జార్బర్లు ఎక్కువ మేలు. పైకప్పు మీద ఏసీ, సోలారు పలకలు, సామాను క్యారియరు అన్నీ ఎక్కించి తరవాత బండి ఊగుతోందంటే ఎవరేం చేస్తారు? అద్దెకి తీసుకునేవాళ్ళు అడగాల్సినవి కూడా ఇవే. ఇంత సామాను, ఇంతమంది మనుషులు, నిండు నీళ్ళతో కాటా వేసిన చీటీ ఉందా? లేకపోతే టీవీ ఎన్ని అంగుళాలని అడగడం అనవసరం.

మన మెకానికల్ విభాగం అధ్యాపకులకి ఒక మనవి. ఆఖరు సంవత్సరం ప్రాజెక్టులంటే ఇంజను సామర్థ్యం, ప్రత్యామ్నాయ ఇంధనం, లేకపోతే కంప్యూటరు మీద ఒక నమూనా. ప్రతి ఏడూ అట్టలు మారతాయి, లోపల అదే. ఈసారి నలుగురు కుర్రాళ్ళకి కాలేజీ బస్సు ఇవ్వండి. ఖాళీగా ఒకసారి, విహారయాత్రకి నిండుగా ఒకసారి, ఇరుసు ఇరుసుకీ పక్క పక్కకీ తూచి రమ్మనండి. కమాను ఎన్ని సెంటీమీటర్లు దిగిందో స్కేలు పెట్టి కొలిచి, 300 లెక్క వేసి, స్టాప్‌వాచీతో ఊపులు లెక్కపెట్టి సరిచూడమనండి. తేడా వస్తే ఎందుకు వచ్చిందో వాళ్ళే కనుక్కుంటారు, పట్టీల మధ్య రాపిడి అనే కొత్త పాఠం దొరుకుతుంది. కాటా రుసుము ఆర్ట్స్ విభాగం చందా వేసుకున్నా ఇస్తుంది, బస్సులో వాళ్ళూ ఎక్కుతారు గనక.

పనిలో పనిగా టైర్ల పక్కగోడ మీద అచ్చుపోసిన నాలుగంకెలు కూడా రాసుకు రమ్మనండి. మొదటి రెండు వారం, తరవాతి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైరన్నమాట. తక్కువగా తిరిగే బండ్లకి టైరు అరగకముందే ముసలిదవుతుంది, గాడులు చూసి బాగానే ఉందనుకుంటాం. మన బస్సు టైర్ల మీద ఏ అంకెలున్నాయో వచ్చే ఏటి సావనీరులో చదవాలని ఉంది.